రంగం రేవు నుంచి చదవండి

ప్రపంచీకరణ మీద ఏం చదవాలి మాస్టారూ అని కళింగపట్నం కుర్రాళ్లు అడిగితే నేను ముందు చెప్పేది సునీల్ అమృత్ 2013లో రాసిన ‘క్రాసింగ్ ది బే ఆఫ్ బెంగాల్’. కోచింగ్ సెంటర్ల జాబితాల్లో ప్రపంచీకరణ కథ 1991లో మొదలై బెంగళూరు సాఫ్ట్‌వేర్ దగ్గర ఆగిపోతుంది. మన సముద్రం మీద మాత్రం 1840 నుంచి 1940 వరకు అటూ ఇటూ సాగిన ప్రయాణాలు సుమారు 2 కోట్ల 80 లక్షలు. బర్మాలోని రంగం (రంగూన్) రేవులో బియ్యం బస్తాలు మోసిన మా తాతదీ అందులో ఒకటి.

1930 మేలో ఆ రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు బర్మావాళ్లను పనిలో పెట్టుకున్నారు. సమ్మె తేలగానే వాళ్లను పొమ్మని మనవాళ్లను మళ్లీ పిలిచారు. అల్లర్లు రేగి తెలుగు కూలీలు పెద్ద సంఖ్యలో చనిపోయారు. పేదవాడికీ పేదవాడికీ పోటీ పెట్టిన యజమానికి ఏ దెబ్బా తగల్లేదు. వలసల మీద ఇవాళ ఏ దేశంలో గొడవ జరిగినా నాకు ముందు ఇదే గుర్తొస్తుంది.

రెండోది మార్క్ లెవిన్సన్ ‘ది బాక్స్’. 1956 ఏప్రిల్ 26న ‘ఐడియల్ ఎక్స్’ అనే ఓడ 58 అల్యూమినియం పెట్టెలతో (కంటైనర్లతో) అమెరికాలోని న్యూఅర్క్ నుంచి హ్యూస్టన్‌కు బయల్దేరింది. టన్ను సరుకు ఎక్కించడానికి అంతవరకు 5.86 డాలర్లు అయ్యేది, పెట్టెలతో 16 సెంట్లకు దిగింది. సరుకు చవకైంది, లక్షల మంది రేవు కూలీలకు పని పోయింది. ఆ పెట్టెలు రాకముందే మూతపడ్డ మా కళింగపట్నం రేవుకు లైట్‌హౌస్ మిగిలింది.

ఆర్థికవేత్త స్టిగ్లిట్జ్ పుస్తకాలూ మంచివే, అవి తర్వాత చదవొచ్చు. మన జిల్లాలోనే మూలపేట పోర్టుకు 2023లో శంకుస్థాపన జరిగింది గనుక లెవిన్సన్ అవసరం ఇప్పుడే ఉంది. క్రేన్లు చేసే పనిలో స్థానికుల వంతెంత? ఒడ్డు పోయిన మత్స్యకారులు పడవలు ఎక్కడ పెట్టుకోవాలి? సభల్లో లేచి ఇవి అడగాల్సింది మన పిల్లలే. ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. జిల్లా గ్రంథాలయ సంస్థ ఆ డబ్బుతో ఈ రెండు పుస్తకాలను తెలుగులోకి అనువాదం చేయించి, ముందుగా కళింగపట్నం ఉన్న గార, మూలపేట ఉన్న సంతబొమ్మాళి మండలాల పాఠకులకు అందించాలి.