ఖానూన్ మారింది, మన బహానాలే మారలేదు

అండర్-16 అంటే తొమ్మిదో తరగతి, పదో తరగతి ఈడు. ఆసియాలో ఆడపిల్లల జాతీయ బాస్కెట్‌బాల్ జట్ల టోర్నమెంట్‌కి పెట్టిన గీత అది. మన ఇళ్లలో ఇంచుమించు అదే ఈడుకి ఇంకో గీత పడుతుంది. "బస్ బేటీ, పెద్దదానివయ్యావు. ఇక మైదాన్‌కి వద్దు."

2017 అక్టోబర్‌లో ఆ టోర్నమెంట్ మన పక్కనే బెంగళూరులో జరిగింది. మన దేశపు అమ్మాయిలు డివిజన్-బి గెలిచి పై డివిజన్‌కి ఎక్కారు. చాలామంది గమనించని సంగతి ఇంకొకటి ఉంది. సరిగ్గా ఆ నెల 1వ తేదీనే అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా కొత్త ఖానూన్ అమల్లోకి వచ్చింది. ఇక తల కప్పుకుని ఆడొచ్చు. నలుపో తెలుపో జెర్సీ రంగో ఉండాలి, టీమ్ మొత్తానికి ఒకే రంగు, ముఖం మీదికి రాకూడదు, మెడ దగ్గర పిన్నుల్లాంటివి ఉండకూడదు. అంతే షరతులు.

ఈ ఇజాజత్ ముఫ్త్‌గా రాలేదు. 2014 ఇంచియాన్ ఏషియన్ గేమ్స్‌లో ఖతర్ అమ్మాయిల్ని హిజాబ్ తీసి ఆడమన్నారు. వాళ్లు తీయలేదు, మంగోలియాతో మ్యాచ్ వదులుకున్నారు. అమెరికాలో బిల్కిస్ అబ్దుల్ ఖాదిర్ స్కూల్ రోజుల్లో 3,070 పాయింట్లు కొట్టి మసాచుసెట్స్ రాష్ట్రంలో రికార్డు పెట్టింది. కాలేజీలోనూ హిజాబ్‌తోనే ఆడింది. బయటి దేశాల్లో ప్రొఫెషనల్‌గా ఆడదామంటే ఫీబా పాత నియమం అడ్డొచ్చింది. ఆమెలాంటి వాళ్లు ఏళ్లతరబడి కోషిష్ చేస్తే ఖానూన్ మారింది. అప్పటికి ఆమె ఆడాల్సిన ఏళ్లు కాస్తా గడిచిపోయాయి.

ఇన్సాఫ్ అంతటా జరిగిందనీ కాదు. జబా కొనాతే ఫ్రాన్స్ యువ జట్టుకి ఆడి 2018 యూత్ ఒలింపిక్స్‌లో రజతం తెచ్చింది. ఆ తర్వాత అమెరికా కాలేజీలో హిజాబ్ కట్టుకుని ఆడింది. 2022లో ఫ్రాన్స్ సమాఖ్య తన పోటీల్లో హిజాబ్‌ని మనా చేసింది. మెడల్ తెచ్చినప్పుడు ఇంటి బిడ్డ, తల కప్పుకోగానే పరాయిది!

దీన్ని జులుమ్ అంటాం. అనాల్సిందే. మరి మన దగ్గరికొచ్చేసరికి? అక్కడ "తీసేస్తేనే ఆడు" అంటున్నారు. ఇక్కడ మనం "కప్పుకున్నా ఆడకు" అంటున్నాం. రెండు చోట్లా ఫైసలా చేసేది వేరేవాళ్లే. పిల్లని అడిగినవాళ్లు ఎవరూ లేరు. ఖతర్ అమ్మాయిల కోసం బాధపడే మనం, మన మొహల్లా పిల్ల బంతి పట్టుకుంటే "లోగ్ క్యా కహేంగే" అనడం ఏం న్యాయం?

తల్లిదండ్రుల ఫికర్ నేను కాదనను. ప్రాక్టీస్ అయ్యేసరికి చీకటి పడుతుంది, కోచ్ మగాయన, క్యాంప్ ఇంకో ఊళ్లో, రేపు రిష్తా మాటలప్పుడు ఎవరేమంటారో. ఇవన్నీ నిజమే. కానీ వీటికి దారులున్నాయి. మగ్రిబ్‌లోపు ప్రాక్టీస్ ముగించమని అడగొచ్చు. లేడీ కోచ్ కావాలని నలుగురు తల్లిదండ్రులు కలిసి స్కూల్‌కి దరఖాస్తు పెట్టొచ్చు. క్యాంప్‌కి అమ్మీయో ఖాలాయో తోడెళ్లొచ్చు. ట్యూషన్ కోసం ఇవన్నీ చేస్తూనే ఉన్నాం కదా!

నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్‌నే చూడండి. 2011లోనే టర్కీలో జూనియర్ ప్రపంచ బాక్సింగ్ టైటిల్ గెలిచింది. నలుగురూ నాలుగు మాటలన్నా వాళ్ల అబ్బా వెనక్కి లాగలేదు. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాక ఆ నోళ్లే ముబారక్ చెప్పాయి. ప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసిన రివాయత్ జల్సాల్లో వింటూ మురిసిపోతాం. మన పిల్ల పరిగెత్తితే మాత్రం హయా గుర్తొస్తుంది.

ప్రతి పిల్లా దేశానికి ఆడాలని కాదు. చాలామంది స్కూల్ టీమ్ దాకా కూడా వెళ్లరు, ఫరవాలేదు. వద్దు అనే హఖ్ కూడా పిల్లదే. ఫీబా తలుపు తీసి ఏళ్లవుతోంది. ఇంకా గొళ్లెం పడి ఉన్నది మన ఇంటి తలుపుకే. అది తీసే జిమ్మేదారి ఏ సమాఖ్యదీ కాదు, మనదే.