ఈ-నామ్‌లో అమ్మకం: రైతుకు మేలు ఎక్కడుంది?

మార్కెట్ యార్డుల్లో కంప్యూటర్లు వచ్చాయి. ధరలు ఫోన్లలోనే కనిపిస్తున్నాయి. అయితే ఈ మార్పు వల్ల రైతుకు ఏం ఒరిగిందో మూడు విషయాలే తేలుస్తాయి: క్వింటాకు పలికిన ధర, సరైన తూకం, సొమ్ము చేతికందే గడువు.

ఐటీసీ కంపెనీ 2000లో మధ్యప్రదేశ్ సోయా రైతుల కోసం ఈ-చౌపాల్ మొదలుపెట్టింది. ఊళ్లోని ఒక రైతు ఇంట్లో కంప్యూటర్ పెట్టి ధర ముందే తెలిపేది. నచ్చితేనే రైతు సరుకు బండికెత్తేవాడు. కొనుగోలు కేంద్రంలో ఎలక్ట్రానిక్ కాటాపై తూచి డబ్బు చెల్లించేవారు. కంపెనీకి సరుకు నేరుగా అందింది. రైతును అటు తిప్పింది మాత్రం ముందే తెలిసిన ధర, నమ్మకమైన కాటా.

మన యార్డుల్లోని ఈ-నామ్‌నూ ఇలాగే తూచి చూడాలి. 2016 ఏప్రిల్ 14న 21 మార్కెట్లతో కేంద్ర ప్రభుత్వం దీన్ని ప్రారంభించింది. నిజామాబాద్ యార్డులో పసుపు ఈ పద్ధతిలో అమ్ముడవుతోంది. దూరాన ఉన్న వ్యాపారి కూడా పోటీకి రావాలన్నది దీని ఉద్దేశం. కానీ కంటితో చూడని సరుకుకు ఆయన ధర పెట్టాలంటే నాణ్యత పరీక్షను నమ్మగలగాలి. పరీక్ష మొక్కుబడిగా సాగితే, సరుకును చేత్తో పట్టి చూసిన స్థానిక వ్యాపారులే బిడ్లు వేస్తారు. పోటీ తగ్గితే ధరా తగ్గుతుంది.

అందుకే పసుపు రైతులు ఈ జాగ్రత్తలు తీసుకోవాలి:

• తేమ 10 శాతానికి దిగేదాకా ఆరబెట్టాలి. కొమ్ములు, మండ వేరు చేసి విడివిడి లాట్లుగా పెట్టాలి.
• బయలుదేరే ముందు ఈ-నామ్ యాప్‌లో ధరలు చూసుకోవాలి.
• గేటు వద్ద ఇచ్చే చీటీని, లాట్ నంబరును భద్రపరచుకోవాలి. బ్యాంకు ఖాతా వివరాలు సరిచూసుకోవాలి.
• నాణ్యత పరీక్ష చేయమని అడగాలి. ఫలితం తెలుసుకోవాలి.
• మీ లాట్‌కు ఎన్ని బిడ్లు వచ్చాయో కనుక్కోవాలి. ధర నచ్చకపోతే తిరస్కరించే హక్కు మీకుంది.
• తూకం మీ కళ్లెదుటే జరగాలి. తేడా వస్తే వెంటనే మార్కెట్ కార్యదర్శికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

సరుకు తక్కువగా ఉన్నవారు రైతు ఉత్పత్తిదారుల సంఘం ద్వారా కలిసి అమ్మితే పెద్ద లాట్ అవుతుంది, రవాణా ఖర్చూ తగ్గుతుంది.