నారుకి ఆకలి కాదు బాబూ, చీకటి!

ఇంట్లో హైడ్రోపోనిక్స్ మొదలెట్టి పది రోజులైంది. టమాటా నారు బెత్తెడు పొడుగు సాగి, దారప్పోగుల్లా వాలిపోయింది. కిట్ అమ్మినాయన్ని అడిగితే "న్యూట్రియెంట్ డోసు పెంచండి సార్" అని ఇంకో సీసా అంటగట్టాడు. పెంచాను. ఆకుల అంచులు కూడా మాడాయి!

లాగ్ చూడకుండా సర్వర్‌కి ర్యామ్ పెంచేవాణ్ణి టీములో ఉతికి ఆరేస్తాం కదా, మరి ఇంట్లో మనం చేసేదేంటి? వెలుతురు చాలకపోతే మొక్క దాన్ని వెతుక్కుంటూ కాండాన్ని సాగదీస్తుంది. సీసాలు పోస్తే వెలుతురు రాదు.

చివరికి పనిచేసినవి ఇవీ: తెల్ల ఎల్ఈడీని నారుకి అరడుగు ఎత్తుకి దించి, రోజుకి 16 గంటలు వేశాను. డోసు సగానికి తగ్గించాను. కాండం గట్టిపడటానికి చిన్న ఫ్యాను పెట్టాను. సాగిన కాండాన్ని మొదటి రెండాకుల కింద దాకా మట్టిగుళికల్లో కప్పాను. టమాటాకి కాండం నుంచీ వేళ్ళొస్తాయి. పాలకూరకి ఈ కిటుకు పనికిరాదు, మళ్ళీ విత్తుకోవడమే.

సీసాలమ్ముకునేవాడు లైటు దించమని చెప్తాడా? చచ్చినా చెప్పడు. నాతో వాదించాలనుకుంటే ముందు మీ లైటు ఎంతెత్తులో ఉందో టేపుతో కొలుచుకు రండి.