తీగలో వచ్చే కరెంటుకీ పద్దు వుండాలి

పాతకాలపు టెలిఫోను వాడినవారికి ఒక సంగతి గుర్తుండే వుంటుంది. వీధి వీధంతా కరెంటు పోయి చీకటిగా వున్నా టెలిఫోను మాత్రం గణగణ మోగేది. దానికి కావలసిన విద్యుత్తు మన మీటరు నుంచి కాక, యెక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి, మాట వచ్చే తీగలోనే వచ్చేది. ఆ వుపాయమే యిప్పుడు కొత్త వేషం వేసుకుని అపార్టుమెంట్లలోకి ప్రవేశించింది. గేటు దగ్గర కెమెరాకీ, వాచ్‌మన్ గదిలో ఫోనుకీ, మేడమీది వైర్‌లెస్ పెట్టెకీ వేరే ప్లగ్గు అక్కరలేదు. బొమ్మా మాటా ప్రయాణం చేసే నెట్‌వర్కు కేబులులోనే కరెంటూ వెడుతుంది.

ఆ కేబుళ్లన్నీ వచ్చి చేరే పెట్టెను స్విచ్చి అంటారు. గోడమీది దీపం మీట కాదు సుమా. యీ పద్ధతికి ఐ.ఇ.ఇ.ఇ. అనే ఇంజనీర్ల సంస్థ 2003లో ఒక ప్రమాణం యేర్పరచింది. ఒక్కొక్క కేబులులోకి స్విచ్చి 15.4 వాట్లు పంపవచ్చు. నూరు మీటర్ల దూరంలో కొంత వేడిగా ఖర్చయిపోగా, అవతలి కొసకు 12.95 వాట్లు దక్కుతాయని లెక్క. 2009లో ఆ 15.4ను 30 చేశారు. 2018లో 90 దాకా పెంచారు.

"పిల్లవాడు తన కంప్యూటరు తెచ్చి ఆ కేబులుకు తగిలిస్తే కాలిపోదా?" అని యిల్లాలు అడగవచ్చు. ప్రమాణం ప్రకారం తయారైన స్విచ్చి తొందరపడి కరెంటు యివ్వదు. ముందు పది వోల్టులకు మించని స్వల్పమైన వొత్తిడితో అవతలివారెవరో విచారిస్తుంది. దాదాపు 25 వేల ఓముల నిరోధం కనబడితేనే, "కరెంటు కోరే చుట్టమే వచ్చాడు" అని నమ్మి తలుపు తీస్తుంది. ఆ చుట్టం లేచి వెళ్లిపోతే అరసెకను లోపలే తలుపు మూసేస్తుంది. అయితే అడగకుండానే కరెంటు తోసే చవకరకం పెట్టెలు కూడా బజారులో వున్నాయి. కొనేటప్పుడు ఆ మాట అడిగి తెలుసుకోవడం మంచిది.

యిక అసలు చిక్కు జీతం దగ్గర వస్తుంది. 8 పోర్టులున్న స్విచ్చి అన్ని పోర్టులకూ కలిపి 60 వాట్లే యివ్వగలదనుకోండి. మొదటి పోర్టుకు క్లబ్బుగదిలోని వైర్‌లెస్ పెట్టె, తరువాతి అయిదింటికి కెమెరాలు, యేడోదానికి వాచ్‌మన్ ఫోను, ఆఖరిదానికి గేటు కెమెరా తగిలించారు. పగలు కెమెరాకు 5 చొప్పున 30, వైర్‌లెస్‌కు 12, ఫోనుకు 4. మొత్తం 46 వాట్లు. సంసారం హాయిగా సాగుతున్నది.

చీకటి పడింది. కెమెరాలు మన కంటికి కనబడని పరారుణ దీపాలు వెలిగించుకున్నాయి. ఒక్కొక్కటి 9 వాట్లు తింటున్నది. ఖర్చు 70, వచ్చేది 60. యెవరో ఒకరు పస్తుండక తప్పదు. యెవరు?

యెవరూ యేమీ చెప్పకపోతే చాలా స్విచ్చిలు పోర్టు నెంబరును బట్టి పెద్దరికం కడతాయి. ఆఖరిది ముందు ఆరిపోతుంది. అంటే గేటు కెమెరా పోయింది. అయినా లెక్క 61. కనుక వాచ్‌మన్ ఫోనూ పోయింది. క్లబ్బుగదిలో సినిమా మాత్రం నిరాటంకంగా నడుస్తున్నది! అదే, ముందుగా వైర్‌లెస్‌ను కడపటి వరసలో పెట్టి వుంటే, అదొక్కటే ఆగి, ఖర్చు 58కి దిగి, తక్కినవన్నీ నిలిచేవి.

యిలా చెప్పి చేయించుకోవడానికి వీలున్న పెట్టెనే మేనేజ్డ్ స్విచ్చి అంటారు. అత్యవసరం, ముఖ్యం, సామాన్యం అని మూడు తరగతులు 2003 నాటి ఇంటర్నెట్ పత్రంలోనే నిర్ణయమయ్యాయి. ఖర్చు యింత శాతం దాటితే హెచ్చరిక పంపమని చెప్పే సదుపాయమూ అందులో వున్నది.

యీ స్విచ్చి పద్దు చదవడం చాకలి పద్దు చదివినంత సులభం. ఒక పోర్టులో వాట్లు సున్న అయితే కేబులైనా తెగి వుండాలి, పరికరమైనా చెడి వుండాలి. వాట్లు మామూలుగానే వుండి బొమ్మ రాకపోతే కెమెరా మొరాయించి వుండవచ్చు. నిచ్చెన యెక్కకుండా, కూర్చున్నచోటి నుంచే ఆ పోర్టును ఆపి మళ్లీ వెయ్యవచ్చు. రాత్రి కూడా వాట్లు పెరగలేదా? దాని పరారుణ దీపాలు వెలగడంలేదేమో చూడాలి. పగటి బొమ్మ చక్కగానే వుంటుంది గనుక, దొంగతనం జరిగేదాకా యీ లోపం యెవరి కంటా పడదు.

మరొక మాట. స్విచ్చికి యు.పి.యస్. తగిలిస్తేనే పాత టెలిఫోనులాగా యివన్నీ కరెంటు పోయినప్పుడు కూడా పనిచేస్తాయి. లేకపోతే అన్నీ ఒక్కసారే కళ్లు మూసుకుంటాయి.

కాబట్టి యీసారి అసోసియేషన్ మీటింగులో కంట్రాక్టరును మూడు ప్రశ్నలు అడగండి. మొత్తం వాట్లెన్ని? రాత్రి ఖర్చెంత? చాలకపోతే ముందు యేది ఆరుతుంది? మూడవదానికి జవాబు చెప్పవలసింది నిజానికి కంట్రాక్టరు కాదు, అక్కడ కాపురమున్న మీరు.