పెంట్‌హౌస్‌లో ఓట్లు లేవట!

2024 మే 13, సోమవారం. పొద్దున ఏడున్నరకే మా ఓనర్ తాత వేలికి ఇంకుతో గేట్ దగ్గర కనిపించాడు. "నువ్వు పోలేదా బిడ్డా?" అన్నాడు. "నా ఓటు ఊర్ల ఉంది తాతా" అన్నా, నోట్లో బ్రష్‌తోనే. అప్పటికి రామంతాపూర్‌లో నాలుగేళ్ల నుంచి ఉంటున్నా.

ఊరేమీ దూరం కాదు. ఉప్పల్‌లో బస్సెక్కితే గంటన్నరలో భువనగిరి దాటేస్తాం. శని, ఆదివారాలు కూడా కలిసొచ్చాయి. పోలేదు, అంతే.

ఆ ఎన్నికలో భువనగిరిలో దాదాపు 77 శాతం పడింది. రామంతాపూర్ ఉన్న మల్కాజిగిరిలో 51, తార్నాక ఉన్న సికింద్రాబాద్‌లో 49. ఇంకేం, ఐటీ పిల్లలు పడుకున్నారని మీమ్స్! నా వరకు నిజమే. కానీ నా నిద్ర తగ్గించింది భువనగిరి శాతాన్ని. మల్కాజిగిరి లెక్కలో నేను అసలు లేనే లేను.

మన దగ్గర పోలింగ్ లెక్కలు ఆడ, మగ, థర్డ్ జెండర్‌గా ఇస్తారు, వయసు వారీగా కాదు. అమెరికాలో సెన్సస్ బ్యూరో సర్వే చేసి ఇస్తుంది. 2020లో 18-24 ఏళ్లవాళ్లలో 51 శాతం ఓటేస్తే, 65-74 వాళ్లలో 76 శాతం వేశారు. బద్ధకం ఒక్కటే అనుకోను. తాతది ముప్పై ఏళ్లుగా అదే ఇల్లు, అదే బూత్. నేను నాలుగేళ్లలో మూడు రూములు మారా.

ఓయూ చూడండి. 2009లో తెలంగాణ కోసం రాష్ట్రాన్నే కదిలించిన క్యాంపస్. తార్నాక టీ కొట్టు దగ్గర నా ఫ్రెండ్స్ ఎక్కడ ఎవరు గెలుస్తారో బూత్‌తో సహా చెప్తారు. ఒక్కడి ఓటు కూడా ఇక్కడ లేదు. చదువుకునే సంస్థ నుంచి సర్టిఫికెట్ తెస్తే హాస్టల్ అడ్రస్ మీదే ఓటు పెట్టుకోవచ్చని సగం మందికి తెలీదు.

నాకు కాలింది వేరే చోట. 2023 నవంబర్ ప్రచారంలో ఓ కార్యకర్త ఓటర్ లిస్టు పట్టుకుని వచ్చాడు. తాత డ్రైనేజీ గోడు పది నిమిషాలు విన్నాడు. తర్వాత మెట్ల వైపు చూసి "పైన ఓట్లున్నాయా?" అన్నాడు. "లేవు, బ్యాచిలర్స్" అంది ఆంటీ. కరపత్రం కూడా ఇవ్వకుండా పోయాడు. పైకి నీళ్లెక్కక బకెట్లు మోసేది మేము!

మొన్న ఫారం 8 ఫోన్‌లోనే నింపా. అడ్రస్ ప్రూఫ్ దగ్గర ఆగింది, ఆధార్ ఊరిదే కదా. రిజిస్టర్డ్ రెంట్ అగ్రిమెంట్ అడిగితే తాత "ఇల్లు రాయించుకుంటవా ఏంది?" అని నవ్వాడు. చివరికి ప్రభుత్వ బ్యాంక్ పాస్‌బుక్‌లో అడ్రస్ మార్పించి, అదే అప్‌లోడ్ చేశా. బీఎల్‌ఓ మేడం ఫోన్ చేసి "ఎన్నో ఫ్లోర్ బాబూ?" అన్నారు.

పెంట్‌హౌస్ అని చెప్పా.