చెరపడం వేరు, తెర వేయడం వేరు

మా అమ్మమ్మ ముఖాన మశూచి మచ్చలుండేవి. ఎడమ చెంప మీద కొంచెం ఎక్కువ. ఆమెను ఎరిగినవారికి మొదట గుర్తుకు వచ్చేవి ఆ మచ్చలు, ఆ వెనువెంటనే ఆమె నవ్వు. తాతయ్యా ఆమే కలసి రాజమండ్రిలో ఒక స్టూడియోలో తీయించుకున్న ఛాయాచిత్రం ఒక్కటే మాకు మిగిలింది. 1986 ఆగస్టు వరదల్లో కోనసీమలోని మా ఇంట్లోకి నీరు వచ్చినప్పుడు ఆ పటమూ తడిసింది. తాతయ్య భుజం మీదుగా అమ్మమ్మ చీర కుచ్చెళ్ళ దాకా గోధుమరంగు మరక ఒకటి నిలిచిపోయింది.

కొన్నేళ్ళ క్రితం దానిని బాగుచేయించుదామని పట్నంలో ఒక డిజిటల్ స్టూడియోకు తీసుకువెళ్ళాను. రెండు రోజుల్లో పటం తయారైంది. మరక పోయింది. మరకతో పాటు మశూచి మచ్చలూ పోయాయి. చామనఛాయ పోయి పసిమి వచ్చింది. వెనుకనున్న స్టూడియో పరదా పోయి ఏదో పూలతోట వచ్చింది. అమ్మ చాలాసేపు చూసి, "బాగుందిరా. నాన్న సరే, పక్కన ఈవిడెవరు?" అన్నది. నవ్వుతూనే అన్నది. కానీ ఆ పటాన్ని గోడకు తగిలించమని ఈనాటి వరకూ అడగలేదు.

మళ్ళీ వెళ్ళి, ఆ మచ్చలు తిరిగి రప్పించమని అడిగాను. "ఎలాగండీ, చెరిపేశాం కదా" అన్నాడక్కడి కుర్రవాడు. స్కాన్ చేసిన ఫైలు మీదనే పనిచేసి, దాని మీదనే భద్రపరిచాడు. అసలు పటమేమో ఫ్రేము అద్దానికి అంటుకుపోయి ఉన్నది. స్కాన్ అయ్యాక ఊడదీయబోతే పై పొర అద్దంతోనే లేచి వచ్చింది. అంటే వరద చేయలేని పనిని మేమే చేశామన్నమాట.

ఆ కుర్రవాడిని నేను తప్పుపట్టను. తెల్లగా చేయమని అడిగేది మనమే. మన కోరిక అతడికి అలవాటైపోయింది. నా అభ్యంతరమల్లా పనిముట్టు మీద. అతడు రబ్బరు చేతబట్టాడు. పట్టవలసింది లేయర్ మాస్క్.

'మాస్క్' అన్నదానికి 'ముసుగు' అని మనం తేలికగా అనేస్తాం. ముసుగులో మోసపు వాసన ఉంది. నాకైతే 'తెర' అన్న మాట నచ్చుతుంది. పెళ్ళిలో జీలకర్ర బెల్లం పెట్టేదాకా వధూవరుల నడుమ అడ్డుతెర పడుతుంది. తెర పడినంత మాత్రాన వధువు లేకుండా పోదు. తీసిన క్షణాన అక్కడే ఉంటుంది. లేయర్ మాస్క్ చేసేదీ అంతే. పొరలోని ఒక్క చుక్కను కూడా అది చెరపదు. ఎంత కనపడాలో, ఎంత దాగాలో మాత్రమే నిర్ణయిస్తుంది. మాస్క్ మీద తెలుపు పూస్తే పొర కనిపిస్తుంది, నలుపు పూస్తే దాగుతుంది, బూడిదరంగు పూస్తే ఆ మేరకు పలచబడుతుంది. మన డెల్టావాసులకు ఇది వేరే చెప్పనక్కరలేదు. తూము తలుపు పూర్తిగా ఎత్తితే నిండు పారుదల, దించితే నిలుపు, సగం ఎత్తితే సగం. తలుపు దించినంత మాత్రాన గోదావరి ఎండిపోదు.

ఇది కంప్యూటరుతో పుట్టిన విద్య కాదు. పాత స్టూడియోలలో నెగెటివ్ మీద సన్నని పెన్సిలుతో ముడతలను సవరించేవారు; వెనుక దృశ్యం వద్దనుకుంటే ఆ మేరకు వెలుగు చొరని రంగు పూసేవారు. చీకటిగదిలో ముద్ర వేసేటప్పుడు అరచేతినో అట్టముక్కనో అడ్డుపెట్టి ఒకచోట వెలుగు తగ్గించి, మరొకచోట పెంచేవారు. ఆ అరచేయే నేటి మాస్క్‌కు తాత. మన సినిమా వారికీ ఇది పరిచితమే. 1961 నాటి సీతారామ కళ్యాణంలో రావణుని పది తలలను రవికాంత్ నగాయిచ్ మాస్కింగ్‌తోనే తెరకెక్కించాడు. ఫిల్ములో కొంత భాగాన్ని మూసి తీయడం, దానిని వెనక్కి తిప్పి తక్కిన భాగాన్ని తీయడం. ఎక్కడ చేయి తప్పినా మొదటికే మోసం. 1990లో వచ్చిన ఫోటోషాప్ తొలి రూపంలో పొరలు లేవు, 1994లో 3.0తో వచ్చాయి. వాటి వల్ల కలిగిన అసలు లాభం వేగం కాదు, తప్పును దిద్దుకొనే అవకాశం.

మా పటం విషయంలో జరగవలసింది ఇది. అడుగున స్కాన్ చేసిన పొర, తాకకుండా. దానిపైన అదే పొరకు నకలు. మరక తుడిచే పనంతా నకలు మీదనే. ఆ నకలుకు నల్లని మాస్క్ వేసి, మరక ఉన్న మేర మాత్రమే తెల్లని కుంచెతో పూయాలి. అప్పుడు మరక దాగుతుంది, అమ్మమ్మ చెంప అలాగే ఉంటుంది. చేయి జారి చెంప మీద పడితే నలుపుతో తిరిగి పూస్తే సరి. ఫోటోషాప్‌లో షిఫ్ట్ నొక్కి మాస్క్ బొమ్మ మీద క్లిక్ చేస్తే తెర కాసేపు తొలగుతుంది; ఏం దాచామో మన కళ్ళకు మనమే చూపించుకోవచ్చు. డబ్బు పెట్టలేనివారికి ఉచితంగా దొరికే గింప్‌లోనూ ఈ సౌకర్యం ఉంది. ఒక్కటి మరువరాదు: పొరలు నిలవాలంటే పీఎస్‌డీగానో, గింప్ అయితే ఎక్స్‌సీఎఫ్‌గానో దాచుకోవాలి. జేపెగ్‌లో పొరలన్నీ ఒకటై గడ్డకడతాయి.

ఫైళ్ళు బరువవుతాయి, సమయం పడుతుంది, గిరాకీ ఆగదు అని స్టూడియోల వారంటారు. నిజమే. కానీ పెళ్ళి ఆల్బములోని వందల బొమ్మలకు ఈ శ్రమ వద్దంటే ఒప్పుకుంటాను, ఒకే ఒక్క ప్రతి మిగిలిన పటానికి వద్దంటే ఒప్పుకోను. మరొక అభ్యంతరం ఇంకా బలమైనది. తెర వేసినా అబద్ధం అబద్ధమే కదా అని. అవును, మాస్క్ ఎవరినీ సత్యవంతులను చేయదు. పూలతోటను మాస్క్‌తోనూ పెట్టవచ్చు. కానీ చెరిపిన అబద్ధానికి సాక్ష్యం ఉండదు, తెర చాటు అబద్ధానికి కింద పొరే సాక్షి. ఎవరైనా ఒకనాడు తెర తీసి చూడగలరు. మనిషి మనసు మారడానికి ఆ మాత్రం చోటు మిగలాలి.

ఈ మాట ఇప్పుడు మరింత అవసరం. 2023లో ఫోటోషాప్‌లోకి కృత్రిమ మేధ చేరి, లేని దృశ్యాన్ని మాటతో కల్పించి ఇవ్వడం మొదలుపెట్టింది. అదైనా తన కల్పనను వేరే పొరగానే, మాస్క్‌తోనే తెచ్చి పెడుతుంది. దానిని గడ్డకట్టించి, అసలును పారవేయాలా వద్దా అన్నది మాత్రం మన చేతిలోనే ఉంది.

పాత పటాలను బాగుచేయించేవారికి నా మనవి: ముందు అసలును పదిలంగా స్కాన్ చేయించి, ఆ ఫైలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. తరువాత పొరలున్న ఫైలును కూడా అడిగి తీసుకోండి. మరకను దాచమని చెప్పండి. ముఖాన్ని వదిలేయమని మరీ మరీ చెప్పండి.

అమ్మమ్మ మచ్చలు ఇప్పుడు మా అమ్మ జ్ఞాపకంలోనే ఉన్నాయి. అమ్మకు ఎనభై దాటాయి.