అద్దాలు మార్చుకోమనే హితైషులకు

మెదడులో కణితి తీసివేసిన పిదప నాకు రెండు కళ్ళకూ ఎడమ సగం కానరావడం లేదు. "అద్దాలు మార్చండి మాస్టారూ" అంటారు మిత్రులు. అయ్యా, లోపం కంటిలో లేదు. కుడి మెదడు వెనుక భాగంలో ఉన్నది. గోడమీది అక్షరాల పట్టికను ఆఖరి వరుస దాకా చదవగలను. అది చూపు పదునును కొలుస్తుందే కాని వైశాల్యాన్ని కొలవదు. అందుకు పెరిమెట్రీ అనే పరీక్ష వేరే ఉన్నది. అది చేయకుండానే "చూపు దివ్యంగా ఉన్నది" అని చీటీ వ్రాసి పంపడం ఏమి వైద్యం?

మన లిపికి పంక్తి మొదలు ఎడమనే కదా! నాకు "అధర్మం" ధర్మంగా కనిపిస్తున్నది (పండితునికి ఇంతకన్న శిక్ష ఏమున్నది?). పుట ఎడమ అంచున ఎర్ర రిబ్బను ఉంచి, అది కనిపించేదాకా చూపు జరిపి చదువుతున్నాను. ఆ ఉపాయం చెప్పినది మరొక రోగి. కుట్లు విప్పే తేదీని ముమ్మారు చెప్పిన ఆసుపత్రివారికి ఈ ఒక్క మాటకు తీరిక లేకపోయిందా?